బానెట్ మీద బొప్పి

మామగారి లెక్కలో మనుషులు రెండే రకాలు: సొట్టలు పెట్టేవాళ్ళు, సొట్టలు తీసేవాళ్ళు. కారు రేకు మీద అరచెయ్యి ఆనించి ఒక్కసారి నిమిరితే చాలు, ఎక్కడ కుంగిందో ఎక్కడ ఉబ్బిందో ఆయన చెప్పేస్తారు. మూడో రకం కూడా ఉంటుందని కోడలు షెడ్డులో అడుగుపెట్టాకే ఆయనకు తెలిసింది. ఆమె దర్జీ ఇంటి పిల్ల. గుడ్డతో కారు భాగాలు చేస్తుంది.

గుడ్డంటే కట్టుకునే గుడ్డ కాదు, కార్బన్ దారాలతో నేసిన నల్లగుడ్డ. దాన్ని పొరలు పొరలుగా అచ్చులో పరిచి, రెజిన్ అనే జిగురు పట్టించి, పైన ప్లాస్టిక్ కప్పి, పంపుతో లోపలి గాలంతా లాగేసి వేడి మీద గట్టిపడనిస్తే ఇనుముకు దీటైన భాగం తయారవుతుంది. బరువు మాత్రం ఉండీ లేనట్టే. మామగారు ఒక్కనాడూ దాన్ని కార్బన్ అనలేదు. "మా కోడలు కార్లకు చొక్కాలు కుడుతుంది" అని షెడ్డుకు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. అందులో వెక్కిరింత పాలెంతో మురిపెం పాలెంతో ఆయనకే తెలియదు.

ఆ చొక్కాల మాట విని వచ్చిందే డ్రైవింగ్ టీచరమ్మ. ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పి, మిగతా సగాన్ని వాళ్ళ నుంచి తప్పుకోవడం నేర్చుకునేలా చేసిందని ఆవిడ మీద జోకు. ఆవిడకో పాత స్పోర్ట్స్ కారు ఉంది. రెండే సీట్లు, ముందు బారెడు మూతి. బానెట్టూ మడ్‌గార్డులూ కలిసి ఆ మూతి అంతా ఒకే ఇనప ముక్క. ఇంజిన్ చూడాలంటే అద్దం వైపు అంచు పట్టుకుని మొత్తం ముక్కను ముందుకు వంచాలి. భుజానికి ఆపరేషన్ అయ్యాక ఆవిడ కుడి చెయ్యి జడ వేసుకోవడానిక్కూడా పైకి లేవడం లేదు.

"నా ఇంజిన్ నేనే విప్పుకుంటానమ్మా. అలవాటైన ప్రాణం" అంది టీచరమ్మ. "పక్కవాళ్ళను పిలిచి పట్టుకోమంటే, పట్టుకున్నంతసేపూ గడియారం చూస్తుంటారు. ఎడమ చేత్తో ఎత్తుకునేలా ఒకటి చేసిపెట్టు."

వెంట వచ్చిన తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "ఇది కూడా కుదరకపోతే బండి అమ్మేద్దామని మాటిచ్చావు. గుర్తుందిగా అక్కా?"

"నువ్వు మర్చిపోనిస్తేగా!"

తమ్ముడు చెడ్డవాడేం కాదు. ఒంటరిగా ఆ ఇనుము ఎత్తబోయి అక్క ఎక్కడ ఆ రెండో భుజం కూడా పోగొట్టుకుంటుందోనని అతని భయం. కొనేవాణ్ణి కూడా చూసి ఉంచాడు.

పాత బానెట్‌ను విప్పి బల్లల మీద పడుకోబెట్టారు. దాని మీదే అచ్చు తీయాలి. కోడలు రెజిన్ తేవడానికి వెళ్ళిన కాసేపట్లో మామగారు దాన్ని ఒకసారి నిమిరి చూశారు. మధ్యలో, కాస్త కుడివైపుకి, రేకు ఉబ్బి ఉంది. లోపలినుంచి ఎవరో కసిగా గుద్దినట్టు వంకరటింకర దెబ్బలు. అంత అందమైన రేకు మీద అంత మొరటు చెయ్యి చేసుకున్నవాణ్ణి తిట్టుకుంటూ ఆయన సుత్తీ దిమ్మా తీశారు. కోడలు వచ్చేసరికి బానెట్ నీళ్ళు నిలిచిన పళ్ళెంలా నున్నగా ఉంది.

"చిన్న సొట్టలుంటే సరిచేశాను" అన్నారాయన.

"మంచి పని చేశారు మామయ్యా" అందామె. అచ్చు గీతనూ గుంటనూ కూడా వదలకుండా దింపేస్తుంది కాబట్టి ఆమెకు నిజంగానే సంతోషమేసింది. ఏ సొట్టలు, ఎక్కడివి అని అడగలేదు. తిలాపాపం తలా పిడికెడు.

ఆ తర్వాత పనంతా కల్యాణంలా సాగింది. మైనం రుద్ది, అచ్చు తీసి, గుడ్డను ఏటవాలుగా కత్తిరించి ముడత లేకుండా ఒంపుల్లోకి అద్దింది. కొత్త బానెట్ అచ్చులోంచి ఊడి వచ్చినప్పుడు కోడలు దాన్ని ఒక్కతే నెత్తిన పెట్టుకుని షెడ్డంతా తిరిగింది. మామగారు కూడా చూపుడువేలితో లేపి చూసి, ఎవరూ చూడలేదనుకుని ఇంకోసారి లేపారు.

తీరా కారుకు బిగించి దించితే, రెండు వేళ్ళ ఎత్తున టక్కుమని ఆగిపోయింది.

మళ్ళీ దించారు. మళ్ళీ టక్కు.

"గుడ్డ కదా, ముడుచుకుని ఉంటుంది" అన్నారు మామగారు.

కోడలికి ఒళ్ళు మండింది. "అయితే మీ ఇనుము పెట్టి చూద్దాం పట్టండి" అంది. ఇద్దరూ ఆయాసపడుతూ పాత బానెట్ తెచ్చి తగిలించారు. ఇన్నేళ్ళూ ఆ కారు మీదే మూతపడిన ఇనుము, అదే చోట, అదే ఎత్తున ఆగిపోయింది.

లోపలికి తొంగిచూస్తే ఇంజిన్ పక్కన కార్బురేటర్ మెడ చాచుకుని నిలబడి ఉంది, సరిగ్గా ఆ ఉబ్బు ఉండాల్సిన చోట.

"అది సొట్ట కాదు మామయ్యా. దానికి జాగా" అంది కోడలు. "ఒక్క మాట నన్ను అడగాల్సింది కదా! ఇనుమైతే నాలుగు దెబ్బలకు మాట వింటుంది. ఇది వినదు, పగులుతుంది. ఇప్పుడా బండి అమ్ముడుపోతే ఆ పాపం మనదే."

మామగారు సుత్తిని గూట్లో పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు. అన్నందుకు కోడలికి వెంటనే బాధేసింది, కానీ అన్నది అబద్ధం కాదు.

మర్నాడు టీచరమ్మ, తమ్ముడు వచ్చారు. కోడలు దాచకుండా జరిగిందంతా చెప్పింది. తప్పు మామగారిదని మాత్రం అనలేదు, "మేం తీసేశాం" అంది. మూలన స్టూలు మీద తలొంచుకు కూర్చున్న మామగారు లేచి నిలబడ్డారు.

"మేం కాదమ్మా, నేను. ఎవడో చేతకానివాడు పెట్టిన సొట్టనుకున్నాను."

"ఆ చేతకానివాడు నేనే" అంది టీచరమ్మ. "పెద్ద కార్బురేటర్ బిగించాక మూత పడకపోతే, రోడ్డు పక్కన జాకీ రాడ్డుతో గుద్దాను. మరీ అంత వికారంగా ఉందా అన్నయ్యగారూ?"

"వికారమే" అన్నారాయన, అబద్ధమాడ్డం రాక. ఆవిడ పగలబడి నవ్వింది.

తమ్ముడు నవ్వలేదు. "పోనీలే అక్కా. ప్రయత్నం చేశాం. కొనేవాడికి సాయంత్రం ఫోన్ చేస్తాను."

టీచరమ్మ నవ్వు సగంలో ఆగింది. ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. ఆవిడ కారు తలుపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. ఆ చెయ్యి చూసి కోడలు కొత్త బానెట్ దగ్గరకు నడిచింది.

"కొత్తది మొత్తం పారేయక్కర్లేదు" అంది కోడలు. "ఆ జాగా వరకు కోసి మాసిక వేస్తాను. దర్జీ ఇంట్లో పుట్టి మాసికకు వెనకాడితే ఎలా? ఎలాగూ పైన రంగు వేస్తాం. కానీ మాసికకు అచ్చు కావాలి. అచ్చుకు ఆ బొప్పి కావాలి. మామయ్యా, పాత రేకు మీద మళ్ళీ బొప్పి కట్టించండి."

మామగారు బెదిరిపోయారు. "తీయమంటే ఎన్నైనా తీస్తాను. పెట్టడం... పుట్టి బుద్ధెరిగి ఒక్క సొట్ట పెట్టలేదమ్మా."

"నేను పెట్టగాలేంది మీరు పెట్టలేరా?" అంది టీచరమ్మ. కార్బురేటర్ మీద పుట్టీ ముద్ద పెట్టి ఎత్తు చూపించింది. "ఇంజిన్ స్టార్టయితే ఊగుతుంది. వేలెడు సందు ఎక్కువే ఉంచండి."

ఆయన రేకును ఇసుక సంచి మీద బోర్లించారు. మొదటి దెబ్బకు చెయ్యి లేవలేదు. రెండోసారి కళ్ళు మూసుకుని కొట్టారు. ఆ తర్వాత చెయ్యి దాని దారిన అది పోయింది. చిన్న చిన్న దెబ్బలు, గుండ్రంగా, అంచుల నుంచి నడిమికి. తిరగేసి చూస్తే ఆ బొప్పి పుట్టుకతోనే ఆ రేకులో ఉన్నట్టుంది. మామగారు దాన్ని నిమిరి నిమిరి, "ఇది సొట్టెలా అవుతుంది?" అని తనలో తనే అనుకున్నారు.

మాసిక కుదిరింది. షెడ్డులో రంగుల పని చూసే కోడలి మొగుడు ఎర్రరంగు వేశాడు. టీచరమ్మ వచ్చిన రోజు బానెట్ మెత్తగా దిగి క్లిక్కుమని మూతపడింది. అక్కడితో కోడలికి సగం ఊపిరి వచ్చింది. మిగతా సగం ఆవిడ ఎడమ చేతిలో ఉంది.

టీచరమ్మ కాళ్ళు ఎడంగా పెట్టి, పళ్ళు బిగించి, పాత బరువుకు కావలసిన బలమంతా కూడగట్టుకుని ఒక్క ఊపున ఎత్తింది. బానెట్ రివ్వున లేచిపోయింది. లోపల కట్టిన పట్టీ పట్టి ఆపకపోతే ముందు లైట్లు నేలకు కొట్టుకునేవి. ఆవిడ తూలి, కారుకు ఆనుకుని నిలదొక్కుకుంది.

పట్టుకోవడానికి తమ్ముడూ మామగారూ చెరోవైపు నుంచి పరిగెత్తారు.

"వదిలేయండి" అందావిడ. "దానంతటదే నిలబడింది."

ఇద్దరూ చేతులు దించారు. ఆవిడ బానెట్‌ను దించింది. మళ్ళీ ఎత్తింది. లోపల చూడాల్సిందేమీ లేకపోయినా మళ్ళీ దించి మళ్ళీ ఎత్తింది. కోడలు కళ్ళు తుడుచుకుంది, సంతోషమొస్తే ఆమె దాచుకునే రకం కాదు. తమ్ముడు గుమ్మం దాకా వెళ్ళి ఫోన్‌లో, "లేదండీ, అమ్మడం లేదు. మా అక్క ఎత్తేసింది" అని చెబుతున్నాడు. అవతలివాడికి ఏం అర్థమైందో ఏమో.

టీచరమ్మ అప్పటికే ఇంజిన్‌లో తల దూర్చింది.

"ఒరేయ్, ఆ స్పానర్ ఇలా అందించు" అని ఎడమ చెయ్యి వెనక్కి చాచింది. అంతలోనే, "వద్దులే, నాకే అందింది" అంది.