కొమ్మలు నాటిన దారి

ఇంకొక్క పోటు, నీళ్లు ఉబకలేదంటే ఐసు గట్టిదే, గడ్డపార ఠంగుమంది, అయినా ఇంకోటి పొడుస్తాను, ఇంకోటి, ఏం వదినా, చిల్లు పెట్టి చేపల్ని నిద్ర లేపుతావా ఏమిటి అని వెనక తైమి నవ్వుతోంది, నా ఆడబిడ్డ, స్ప్రూస్ చెట్ల పచ్చికొమ్మల బండి ఐసు మీద లాక్కొస్తూ, ఏటా సరస్సు గడ్డకట్టగానే అవతలికి నడిచే దారి గుర్తుకి కొమ్మలు నాటేది మా ఇంటివాళ్లమే, మేం నాటాక ఊళ్లో ఎవరూ మళ్లీ పొడిచి చూడరు, కళ్లు మూసుకుని కొమ్మల వెంట నడిచిపోతారు, అదే నా కొంప ముంచింది.

తైమి చీపురుతో మంచు ఊడ్చింది, ఐసు కింద పచ్చగా నాచు, గట్టు మీద చెట్లే చలికి పగులుతుంటే అడుగున నీళ్లు కాస్త వెచ్చగానే ఉంటాయి, వెలుతురు దిగినన్నాళ్లు నాచు ఊపిరి వదులుతుంది, చేపలు దాంతోనే బతుకుతాయి, అదిగో ఒకటి, కదలదు, మొప్పలు మాత్రం మెల్లగా ఆడుతున్నాయి, నన్నే చూస్తోంది, దీని తల్లో తాతో ఇల్మారిని చూసే ఉంటుంది, ఐదు నెలలు వాటి మధ్యే ఉన్నాడు నా మొగుడు, మే నెలలో ఐసు కరిగాక తేలాడు, అయ్యో దేవుడా, నేనల్లిన ఉన్ని తొడుగులు చేతులకి అలాగే ఉన్నాయి.

ఆ ఏడు మంచు ముందే కురిసింది, మంచు దుప్పటి కప్పుకుంటే కింద ఐసు దళసరెక్కదు, పసిపిల్లకైనా తెలుసు, వాగు కలిసే చోట ఐసు పల్చన, చుట్టూ తిరిగి నాటాలనీ తెలుసు, వేళ్లు కొంకర్లు పోతున్నాయని, పొయ్యి మీద పులుసు మాడుతుందని, పొడవకుండానే సూటిగా నాటేశాను, సాయంత్రం మిల్లు నుంచి ఆయన రాలేదు, తెల్లారి చూస్తే నా కొమ్మల వరసలోనే నల్లటి గుంట, జనం రాకముందే అన్నీ పీకి చుట్టుదారిన నాటాను, ఈ చేతులతోనే, దారి తప్పాడు, తాగుంటాడు అన్నారు, కాదనలేదు నేను, పదకొండేళ్లు.

చూడు వదినా, ఇంత బారున కనపడే కొమ్మలు మా అన్నకి కనపడలేదంటే పీకలదాకా తాగుంటాడు, అమ్మ పోతూ కూడా వాడి పేరెత్తొద్దంది, నేనైతే సమాధి దగ్గర ఒక పువ్వైనా పెట్టలేదు, సిగ్గుతో చచ్చిపోయాననుకో, అంటూ తైమి కొమ్మ గుచ్చింది, కిందెక్కడో సరస్సు మూలిగింది, చలికి ఐసు బిగిస్తే మూలుగుతుంది, తెలిసీ వంగి కిందకి చూశాను, చుక్క ముట్టలేదే ఆయన, చీకట్లో ఒక్కో కొమ్మా తడుముకుంటూ, మా ఆవిడ నాటిందిలే అనుకుంటూ వచ్చుంటాడు, ఆ చివరి అడుగూ నన్ను నమ్మే వేశాడు, తైమీ, ఆ కొమ్మలు పక్కన పెట్టు, మీ అన్న దారి తప్పలేదే.