గోధుమ చేల మధ్య షెవెల్

భర్త డెల్మర్ పోయిన ఏడాదికి ఆర్డిత్ అతని షెవెల్ కారును అమ్మకానికి పెట్టింది. అరవై ఏడు మోడల్. కాన్సస్ ఎండకూ మంచుకూ దూరంగా, షెడ్డులో కంటికి రెప్పలా చూసుకున్నాడు దాన్ని.

శనివారం మధ్యాహ్నం ట్రాయ్ అనే మనిషి వచ్చాడు. బానెట్ ఎత్తి చూశాడు గాని ఒక్క ప్రశ్న అడగలేదు. ఆమెకు అది వింతగా తోచింది.

"ఒకసారి నడిపి చూస్తానండీ."

"నేనూ వస్తా. ధాన్యం గోదాము దాకా వెళ్లి తిరిగొద్దాం."

గోదాము వచ్చింది, దాటిపోయింది.

"ఇక్కడే తిప్పాలి బాబూ."

అతను కంకర రోడ్డెక్కించి వేగం పెంచాడు.

"నాయనా, వెనక్కి తిప్పు."

"అడ్డరోడ్డు దగ్గర నా మనిషున్నాడు. అక్కడ నీ సంగతి చూద్దాం. గోల చెయ్యకుండా కూర్చో."

అంతదాకా 'అండీ' అన్న నోరది. అరిస్తే వినే నాథుడు లేడు. దూకితే ఎముక మిగలదు.

తాళంచెవి స్టీరింగుకు ఇటుపక్కనే వేలాడుతోంది. చెయ్యి చాస్తే అందుతుంది. తర్వాత వాడేం చేస్తాడో తలుచుకుంటేనే చెయ్యి లేవలేదు.

తూము దగ్గర గుంతలకు వాడు వేగం తగ్గించాడు. ఆర్డిత్ తాళం తిప్పి లాగి, కిటికీలోంచి చేలోకి విసిరేసింది.

మోత ఆగిపోయింది. కారు కాస్త దూరం దొర్లి నిలిచింది.

"ఎంత పని చేశావే ముసల్దానా," అన్నాడు వాడు, మెల్లగా. ఆ మెల్లదనానికే ఆమె హడలి, కొడతాడని కళ్లు మూసుకుంది.

దెబ్బ పడలేదు. తలుపు చప్పుడైంది. కళ్లు తెరిస్తే వాడు గోధుమల్లో పడి పరుగెడుతున్నాడు. ఎదురుగా దుమ్ము రేపుకుంటూ పొరుగు రైతు గేలెన్ లారీ వస్తోంది.

"ఏంటి వదినా, మొరాయించిందా? అన్నయ్య ఉంటే ఊరుకునేవాడా?" అంటూ దిగాడు గేలెన్. ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు.

సాయంత్రానికల్లా పోలీసులు ఇద్దరినీ పట్టుకున్నారు. రెండోవాడు అడ్డరోడ్డు దగ్గర కారు ఎక్కించుకుపోయే ట్రెయిలర్‌తో కాచుకుని ఉన్నాడట.

ఆకులు రాలే వేళకు విచిటా పట్నం నుంచి ఒక పంతులమ్మ కారు చూడ్డానికి వచ్చింది. ఇంజను గురించి అడగనిది లేదు.

"మీరూ రండి, కలిసి ఓ చుట్టు తిరిగొద్దాం," అంది.

"నువ్వే వెళ్లిరామ్మా," అని ఆర్డిత్ మెట్టు మీద కూలబడింది. కారు తిరిగొచ్చి ఆగినా, ఆమె గుండె దడ మాత్రం చాలాసేపు ఆగలేదు.