డబ్బాలో మంచు

ఆ రోజు రూఫో చేతిలోని కెమెరాలో రీలు ఉందా, లేదా? పాతికేళ్ళుగా నన్ను వదలని అనుమానం ఇది. జపమాల తిప్పుతున్నప్పుడు కూడా ఒక్కోసారి అడ్డొచ్చేది. దేవుణ్ణి ఇంతకన్నా పెద్ద సంగతులు అడగాలని నాకు తెలుసు. కానీ అనుమానానికి ఆ మర్యాదలు తెలియవు.

జరిగింది చిన్న సంగతే. పెళ్ళైన కొత్తలో నేనూ, నా భార్య ఫెలీసా, నా స్నేహితుడు రూఫో కలిసి చకల్తాయ కొండ ఎక్కాం. అప్పట్లో ఆ కొండ వాలంతా మంచే. డబ్బున్నవాళ్ళు కాళ్ళకు చెక్కలు కట్టుకుని జారుతుంటే, మేం జారిపోకుండా నిలబడటానికే తంటాలు పడ్డాం. ఫెలీసా కాలు జారి, లంగాలన్నీ చుట్టూ పరుచుకునేలా చతికిలబడింది. పడి పకపకా నవ్వింది. సరిగ్గా అప్పుడే రూఫో కెమెరా నొక్కాడు. ఫిల్ము కడిగాక మీకొకటి ఇస్తానన్నాడు. ఇవ్వలేదు.

ఫెలీసా ఫోటోల్లో నవ్వదు. మా పెళ్ళి ఫోటోలో కూడా కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వచ్చినదానిలా ఉంటుంది. ఆమె నవ్విన ఫోటో లోకంలో ఒక్కటే ఉంది, నిజంగా ఉంటే.

అడగొచ్చు కదా అంటారు. రూఫో నాకు కంపాద్రె. వాడి కూతురు నైరాకు జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడింది నేనే. అలా కలిసిన బంధం తోడబుట్టినదానికన్నా గట్టిది. కంపాద్రెను ఒకసారి అడగొచ్చు. రెండోసారి అడిగితే నమ్మకం లేదని అర్థం. నేను ఒకసారి అడిగాను, పెట్టె అడుగున ఎక్కడో ఉందన్నాడు. ఇక ఆ పని ఫెలీసా తీసుకుంది. ఏటా పండక్కి వాడి పళ్ళెంలో ఉడికించిన దుంపలు వడ్డిస్తూ, "నా నవ్వు ఎక్కడ దాచావన్నా?" అని ఎత్తిపొడిచేది. వాడు దుంప పొట్టు తీసుకుంటూ తల దించుకునేవాడు.

ఆ తర్వాత వాడు కొండల వైపు కెమెరా తిప్పడం నేను చూడలేదు. గుర్తింపు కార్డులు, పెళ్ళిళ్ళు, మేడలు, అంతే. మా ఎల్ ఆల్టో ఊళ్ళో అప్పుడే కొత్త మేడలు లేస్తున్నాయి. నారింజ, ఆకుపచ్చ రంగులు, గుండ్రటి అద్దాల కిటికీలు, కింద దుకాణాలు, మధ్యలో నాట్యశాల, అన్నిటి నెత్తిన యజమాని కాపురం. ఏ మేడ పూర్తయినా రూఫోకే కబురొచ్చేది. కూతురికి కూడా అదే నేర్పాడు. గోడలు తియ్యమ్మా, గోడలు ఎక్కడికీ పోవు అనేవాడు.

నైరా వింటేనా. నెలకోసారి బస్సెక్కి ఏదో ఒక మంచుకొండ దగ్గరికి పోయేది. గడ్డకట్టిన చెరువులు, కనురెప్పల మీద మంచు పట్టిన లామాల మందలు, తెల్లవారుజామున ఉప్పు మైదానం మీద పొగమంచు, ఊళ్ళోకి వచ్చాక నాన్న తీసినట్టే మేడలు. అన్నీ ఫోన్లో పెట్టేది. ముఖం చూడని వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో తమ ఊళ్ళ ఫోటోలు తిరిగి పంపేవాళ్ళు. నార్వేలో ఒకావిడ తన కిటికీకి పట్టిన మంచుపూలు పంపితే, నైరా మా సందు చివరి మేడ పంపింది. ఇందులో మనుషులుంటారా, మిఠాయిలుంటాయా అని ఆవిడ అడిగిందట.

ఆ సందు చివరి మేడ డోన్యా ఓర్తెన్సియాది. ఉన్ని టోకు వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. నాట్యశాలలో ఒక గోడ మొత్తం నైరా ఫోటోలకే ఇస్తానంది, కొండల మంచుతో మొదలై మన మేడల దాకా రావాలంది. నైరాకు ఇరవై రెండేళ్ళు. ఇన్నాళ్ళూ అరచేతిలో చూసుకున్న బొమ్మలు మనిషంత ఎత్తున గోడెక్కుతాయి. వందల మంది వచ్చే చోటు. ఆ పిల్ల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

అయితే డోన్యా ఓర్తెన్సియా ఒక మెలిక పెట్టింది. నడిమధ్యన చకల్తాయ ఉండాలి, మంచుతో ఉండాలి. చిన్నప్పుడు ఆమె ఆ కొండమీది విడిది దగ్గర ఆపి అనే వేడివేడి మొక్కజొన్న పానీయం అమ్మింది. ఫోన్లో దొరికే పరాయివాళ్ళ బొమ్మ వద్దు, మనవాళ్ళెవరో తీసింది కావాలంది. లేకపోతే గోడ రంగులవాడికి ఇచ్చేస్తుంది, నాట్యశాల తెరిచే పండగకు ఇంక మూడు వారాలే ఉంది.

చకల్తాయ మీద మంచు కరిగిపోయేనాటికి నైరా చిన్నపిల్ల. వాళ్ళ నాన్నను అడిగితే నేనెప్పుడూ ఆ కొండ తీయలేదన్నాడు. పిల్ల మా ఇంటికొచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని చెప్పుకుంది.

ఫెలీసా గరిటె కింద పెట్టింది. "తీయలేదా? మరి నేను పడింది ఎవరి ముందర?"

ముగ్గురం రూఫో ఇంటికి వెళ్ళాం. వాడు వాకిట్లో ఎండకు కూర్చుని పాత కెమెరా పెట్టె తుడుచుకుంటున్నాడు. ఫెలీసాను చూడగానే వాడికి సంగతి అర్థమైంది. చాలాసేపు తుడిచాడు. తర్వాత లోపలికి పోయి, పునీతుడి బొమ్మ ఉన్న గూటి కింది నుంచి ఒక కాఫీ డబ్బా తెచ్చాడు. అందులో లామా ఉన్ని, ఎండిన కోకా ఆకులు, ఉన్ని మధ్యలో కడగని ఫిల్ము చుట్ట.

రీలు ఉంది. పాతికేళ్ళ అనుమానం అక్కడే తీరిపోయింది. అయినా నాకు సంతోషం కలగలేదు. వాడు ఆ చుట్టను వేలితో కూడా తాకలేదు.

అప్పుడు చెప్పాడు. కొండ మీద అడుగు పెట్టగానే సారా వంపి, ఆకు పెట్టి, కొండతాతను అడగాలి. మావాళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ రోజు ఆ సీసా రూఫో సంచిలోనే ఉంది. ముందు ఫెలీసా పడింది, నవ్వింది, వెలుతురు బాగుంది. వాడు నొక్కాడు. నొక్కుతూ పోయాడు. సీసా సంగతి దిగేటప్పుడు గుర్తొచ్చింది. మరుసటి ఏడు మంచు అంచు వెనక్కి పోయిందన్నారు, ఆ పై ఏడు ఇంకొంచెం. చివరికి రాయి మిగిలింది.

"ఆ మంచు నేనే తీసుకొచ్చేశాను కంపాద్రె," అన్నాడు. "ఇదిగో, ఇందులో ఉంది."

నైరా నోరు తెరవబోతే ఫెలీసా చెయ్యి పట్టుకుని ఆపింది. తానే అంది: "ఎన్ని దేశాలవాళ్ళు ఎన్ని కెమెరాలు తెచ్చారన్నా ఆ కొండకి. వాళ్ళెవరికీ ఇవ్వకుండా, నీ సెకండ్ హ్యాండ్ డొక్కు కోసమే కాచుక్కూర్చుందా?"

"వాళ్ళు పరాయివాళ్ళు చెల్లెమ్మా. వాళ్ళకు తెలీదు, తాతకు వాళ్ళ మీద కోపం రాదు. నేను మనవణ్ణి."

లోకం వేడెక్కడం వల్ల కరిగిందని నేను చెప్పొచ్చు, రేడియోలో విన్నాను. ఆ మాట వాడూ విన్నాడు. విన్నంత మాత్రాన భయం పోదు. ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకుని వచ్చాక కూడా నాకెన్నోసార్లు పోలేదు.

నాకు తోచింది అడిగాను. "తాత ఇంట్లోంచి అడక్కుండా ఒక వస్తువు తెచ్చావనుకో. తప్పు తెలిశాక ఏం చేస్తావు?"

"తిరిగి ఇస్తాను."

"మరి డబ్బాలో పెట్టి పునీతుడి కింద దాస్తే, ఎవరికిచ్చినట్టు?"

వాడు నా వంక చూశాడు. డబ్బా మూత పెట్టి, మళ్ళీ తీసి, లోపలికి చూసుకున్నాడు.

ఆ ఆదివారం పూజ అయ్యాక నలుగురం కొండకు బయల్దేరాం. సత్ప్రసాదం నాలుక మీద కరిగిన పూటే కొండకు సారా పోయడం తప్పా అని ఫాదర్‌ను ఒకప్పుడు అడిగాను. తాగేది కొండా, నువ్వా అన్నాడు. కొండే అన్నాను. అయితే నాకేం అభ్యంతరం లేదన్నాడు. అది జవాబో, తప్పించుకోవడమో నాకిప్పటికీ తేలలేదు.

పైన మూసేసిన విడిది, జారేవాళ్ళను పైకి లాగిన తాడు తాలూకు తుప్పుపట్టిన గిలకలు, ఎర్రటి రాళ్ళు. ఫెలీసా తాను పడిన చోటు వెతికింది. ఏ రాయో గుర్తు పట్టలేకపోయింది. గాలి చెవులు కోస్తోంది. రూఫో టోపీ తీసి, డబ్బాను రాయి మీద పెట్టి, సారా నేలమీద వంపాడు.

"తాతా, అప్పుడు అడక్కుండా తీశాను. ఇప్పుడు అడుగుతున్నాను. మనవాళ్ళందరికీ చూపిస్తాను, నాకోసం దాచుకోను."

ఏ సూచనా రాలేదు. మబ్బు కదల్లేదు, రాబందు ఎగరలేదు. ఆకు నములుతూ కాసేపు కూర్చున్నాం. నేను మనసులో ఒక పరలోక జపం చెప్పుకున్నాను, ఎవరికి చేరాలో వాళ్ళకే చేరుతుందని. నైరా కెమెరా ఒళ్ళో పెట్టుకుని ముట్టుకోకుండా కూర్చుంది. చాలాసేపటికి రూఫో ఆమె వైపు చెయ్యూపాడు.

"ఇంక తియ్యమ్మా. రాళ్ళు కూడా తియ్. ఆయన ముఖమే కదా."

మర్నాడు మధ్యాహ్నం, సామాన్ల గది కిటికీకి దుప్పటి కట్టి, తండ్రీ కూతుళ్ళు ఫిల్ము కడిగారు. మేం తలుపు బయట కూర్చున్నాం. రీల్లో సగం బొమ్మలు బూడిదలా పోయాయి. మిగతావి మసగ్గానే అయినా వచ్చాయి. వాటిలో ఒకదాన్నిండా తెల్లటి వాలు, పైన విడిది, కింద చీమల్లాంటి మనుషులు.

నైరా ఆ బొమ్మను నడిమధ్యన పెట్టింది. దాని పక్కనే, అదే కొలతలో, ఎర్రరాళ్ళ చకల్తాయ పెట్టింది. డోన్యా ఓర్తెన్సియా మంచు మాత్రమే అడిగింది కదా, రెండోది దించేయమంటుందనుకున్నాను. ఆమె గోడ ముందు నిలబడి టోపీ ఒకసారి సర్దుకుంది. తెల్లటి వాలు మీద వేలుపెట్టి, నా ఆపి బిందె ఇక్కడ పెట్టేదాన్ని అంది. వేలు జరిపి రాళ్ళ మీద కూడా అదే చోటు చూపించింది. రెండూ ఉంచమంది.

నాట్యశాల తెరిచిన రోజు జనం ఆడటానికి ముందు గోడ చదివారు. ముసలివాళ్ళు తాడు ఎక్కడినుంచి ఎక్కడికి కట్టి ఉండేదో వాదించుకున్నారు. ఆ మర్నాటి నుంచి నైరా దగ్గరికి పాత ఫోటోలు రావడం మొదలైంది. బిస్కెట్ల డబ్బాల్లోంచి, పరుపుల కిందినుంచి. అందరి దగ్గరా కాస్త కాస్త మంచు ఉంది. ఇంకో గోడ ఇస్తానని డోన్యా ఓర్తెన్సియా మాటిచ్చింది.

రూఫో మాత్రం ఆ సాయంత్రం బాజాల మధ్య మమ్మల్ని మెట్ల దగ్గరికి పిలిచాడు. కోటు జేబులోంచి అరచేతి అంత ఫోటో తీశాడు. వెంటనే అందించలేదు.

"ఇవ్వనా చెల్లెమ్మా?" అని అడిగాడు.

ఫెలీసా రెండు చేతులూ శాలువాకు తుడుచుకుని చాచింది. బొమ్మను వెలుతురుకు పట్టుకుని చూసింది. మంచులో పరుచుకున్న లంగాలు, పక్కకి ఒరిగిన టోపీ, నోరంతా పళ్ళు.

"ఇంత పెద్ద నోరా నాది?" అంది. "ఎవరూ చెప్పలేదేం?"

"పాతికేళ్ళుగా చెప్తున్నాను, నువ్వు వినలేదు," అన్నాను.

రూఫో తల ఎత్తి నా వైపు చూసి, "బాకీ తీరింది కదా కంపాద్రె?" అన్నాడు.

తీరిందన్నాను.