రాతిమంచం మీద పేసక్ ఘనకార్యాలు

చీనాలోని గుజాంగ్ పట్టణంలో, పడమటి ఎడారులు దాటి వచ్చి స్థిరపడ్డ సోగ్ద్ జాతి వర్తకులందరికీ పెద్ద పేసక్. పుట్టింది సమర్‌కంద్‌లో, తల నెరిసింది చీనాలో. బతికుండగానే తన గోరీలోకి రాతిమంచం చేయించుకోవాలని ఆయనకి బుద్ధి పుట్టింది. శవం తగిలితే నేల మైలపడుతుందని తాతలనాటి కట్టడి. పెద్దమనిషికి గోరీ లేకపోతే పరువు తక్కువని ఇక్కడి ఇరుగుపొరుగు మాట. ఒళ్లు నేలకి తగలకుండా రాతిమంచం మీద పడుకుంటే తాతలకీ ఇరుగుపొరుగుకీ సమాధానం చెప్పినట్టవుతుంది.

మంచం వెనక నిలబెట్టే పలకల మీద తన బతుకంతా చెక్కమని గ్వో అనే చీనా శిల్పికి పురమాయించాడు. విందు ఒక పలక మీద, చనిపోయినవాళ్లు దాటాల్సిన వంతెన ఇంకో పలక మీద. అన్నిటికంటే పెద్ద పలక మీద మాత్రం గుర్రమెక్కి సింహాన్ని పొడుస్తున్న పేసక్.

భార్య షాయన్ అది చూసి పలక చుట్టూ ఒకసారి తిరిగింది. దాంతో ఆయనకి భయం పట్టుకుంది.

"సింహం బాగుంది. మీ ఇద్దరికీ పరిచయం ఎక్కడ?" అంది.

గొప్పవాళ్ల గోరీల్లో సింహం ఉండటం రివాజని ఆయన నచ్చజెప్పబోయాడు. ఇంట్లో పిల్లి ఎదురొస్తేనే ఈయన పక్కకి తప్పుకుంటారని ఆవిడ శిల్పితో చెప్పింది. గ్వో తల వంచుకుని ఉలి పదును చూసుకున్నాడు.

"మరేం చెక్కించమంటావు?"

"జరిగింది."

దేని గురించో ఆయనకి తెలుసు. పెళ్లైన కొత్తలో ఎడారిలో ఇసుకతుఫాను దారి చెరిపేసింది. పేసక్ జ్వరంతో ఒంటె మీద మూటలా పడి ఉన్నాడు. షాయన్ ముసలి ఒంటె ముక్కుతాడు పట్టుకుని, అది తడి వాసన పట్టి లాగిన వైపే నడిచి, బిడారు మొత్తాన్ని నీళ్ల దగ్గరికి చేర్చింది. తర్వాత పేసక్ ఎక్కడ చెప్పినా "మేం నీళ్లు కనుక్కున్నాం" అనేవాడు. ఆ మాటలో షాయన్ కూడా ఉందని ఎవరికీ తోచలేదు.

"నన్ను నేను మూటలా చెక్కించుకోవాలా?" అన్నాడు.

"మూటకి మీసాలు పెట్టిద్దాం లెండి."

ఆయన అలిగి కొన్నాళ్లు శిల్పి గడప తొక్కలేదు. తర్వాత ఒంటరిగా వెళ్లి, సింహాన్ని ఆపేసి, పలక తిరగేసి ఆ ఎడారి సంగతి చెక్కమన్నాడు. ఆ రోజు షాయన్ ముఖం ఎలా ఉందని గ్వో అడిగితే చెప్పలేకపోయాడు. జ్వరంలో ఆయన కళ్లకి ఆనింది ఆమె వీపూ, మడమ దగ్గర చిరిగిన జోడూ. అదే చెప్పాడు.

పలక పూర్తయ్యాక షాయన్ వచ్చి చూసింది.

"నా మొహం ఏదండీ?"

"ఆ రోజంతా నాకు కనిపించలేదు. నువ్వు వెనక్కి తిరిగితే కదా."

ఆవిడ వంగి రాతిజోడు చిరుగు మీద వేలితో రాసింది.  తర్వాత నడుం మరీ లావుగా ఉంది, తగ్గించమంది. తను చూసింది అంతే లావు, ముట్టుకోవద్దన్నాడు పేసక్. ఎవరి మాట వినాలో తెలియక గ్వో మర్నాడు రమ్మన్నాడు.

ఆ చలికాలం పేసక్ అయినవాళ్లందరినీ పిలిచి, ద్రాక్షసారా పోయించి పలకలు చూపించాడు. ముందు నడుస్తున్న ఆడమనిషి ఎవరని అడిగారు. చెప్పాడు. ఒంటె మీద వేలాడుతున్నది ఎవరో వాళ్లు అడగకముందే అదీ చెప్పాడు.