వంతెన మీద ఆగిన బస్సు

చెల్లెలు ఎక్కే పదకొండు గంటల బస్సు వంతెన దాటేలోపు ఆమెకు ఒక్క మాట చెప్పాలి. పొద్దున్నుంచీ ఎఫీకి అదే ధ్యాస.

రాత్రి భోజనాల దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. అరవై రెండేళ్ల వయసులో చెల్లెలు ఇష్బెల్ ఉత్తరాన సముద్రమవతల ఆర్క్నీ దీవుల్లో పెళ్లాం పోయిన ఒక గొర్రెల ఆసామిని పెళ్లాడబోతోంది. “వెళ్తే వెళ్లు. మళ్లీ ఈ గడప తొక్కకు,” అనేసింది ఎఫీ. తెల్లారి చూస్తే చెల్లెలి గది తలుపు మూసే ఉంది. తలుపు తట్టడానికి చెయ్యెత్తి, దించేసి, నది దారి పట్టింది.

ఎఫీ గిల్లీ. సాల్మన్ చేపల వేటకొచ్చినవాళ్లకు చోటు చూపించి, తగిన గాలం కట్టి, పడిన చేపను వలలోకి తీయడం ఆమె పని. మొగుడు పోయాక ఆ పని ఆమెకొచ్చింది. చేప తగిలాక గిల్లీ మనిషిని వదిలి కదలకూడదు. ఆ నది మీద ఎవరూ తప్పని కట్టుబాటు అది.

సెప్టెంబరు ఆఖరు. రేపటి నుంచి వేట బంద్. ఆవేళ వచ్చింది పళ్ల డాక్టరు లౌడన్. ఆరేళ్లుగా వస్తున్నాడు, ఒక్క చేపా పట్టి ఎరగడు.

“ఆ ఇత్తడి గొట్టం గాలం దాచెయ్యండి. అది ఫిబ్రవరిలో, చేప చలికి అడుగున పడుంటుంది చూడండీ, అప్పటికి. ఇప్పుడు వరద తీసింది. పైపైన పోయే దారం, చిన్న గాలం చాలు,” అంటూ ఎఫీ నారింజరంగు ఈకల గాలం కట్టింది.

“ఇవి మీ చెల్లెలే కడుతుంది కదూ? ఆవిడ వెళ్లిపోతే ఎలా మరి?”

“మాటలు ఆపి దారం విసరండి.”

ఇంకాసేపుంటే సెలవు చెప్పి బస్సు దగ్గరకు వెళ్లేదే. అంతలో లౌడన్ చేతిలో పొడుగాటి గాలపు కర్ర విల్లులా వంగింది. చేప ఒక్క ఊపు లాగి, నడిమడుగులో పెద్ద బండ పక్కన అడుగుకు దిగి మొరాయించింది. లాగితే రాదు, వదిలితే పోదు. ఎఫీ వల పట్టుకుని మోకాటి లోతు నీళ్లలో నిలబడింది. కళ్లు మాత్రం రోడ్డు మీదే.

లౌడన్ గమనించాడు. “మీకేదో పనున్నట్టుంది. దారం తెంపెయ్యనా?”

ఊఁ అంటే చాలు. కానీ అతని మొహం పండగ బట్టలు తొడుక్కున్న పిల్లాడిలా ఉంది.

“పట్టుకోండి,” అంది.

బస్సు రానే వచ్చింది. వంగిన కర్రను చూసి దాటిపోవడం ఆ ఊళ్లో ఎవరి తరమూ కాదు. డ్రైవర్ డూగల్ వంతెన మీదే ఆపేశాడు. జనమంతా దిగి గోడ మీదికి వాలారు.

“డాక్టరుగారూ, మత్తిచ్చారా దానికి?” అని డూగల్ అరిచాడు.

నవ్వుల మధ్య ఆకుపచ్చ టోపీ ఒకటి ముందుకొచ్చింది. ఇష్బెల్.

“ఎవరి గాలమే అక్కా?”

“నీదే!”

“అయితే ఊడదులే. రాయి వెయ్యి, కదులుతుంది!”

“ఇక్కణ్నుంచి అందదే!”

ఇంతమందిలో ఆ మాట ఎలా అనడం? పైన ఇష్బెల్ గోడవారనుంచి రాయి తీసి, గురి చూసి, బండ పక్కకు విసిరింది. చేప ఉలిక్కిపడి దిగువకు పరుగు తీసింది. రీలు కీచుమంది.

“దాని వెంటే నడవండి!” అంటూ ఎఫీ లౌడన్ మోచెయ్యి పట్టుకుని, బస్సుకు ఎదురు దిక్కుగా, రాళ్ల మీద పరుగెత్తింది. మలుపు దగ్గర ఆగలేక ఆగి వెనక్కి తిరిగింది.

“తాళంచెవి రాతికిందే ఉంటుందే! ఎప్పుడొచ్చినా!”

నీళ్ల హోరు. వంతెన మీంచి ఇష్బెల్ తన కోటు జేబు మీద రెండుసార్లు తట్టింది. చలికి చేతులు దాచుకుంటోంది కాబోలు, వినపడలేదు కాబోలు అనుకుంది ఎఫీ. మలుపు తిరిగాక వంతెన కనపడలేదు. హారన్ మాత్రం వినపడింది.

మలుపవతల చేప వలలోకొచ్చింది. కడుపునిండా గుడ్లున్న ఆడచేప. గుడ్లతో ఉన్న రోజుల్లో దాన్ని చంపరు. గాలం తీసి, ఎదురునీటికి తలపెట్టి, మొప్పలు ఆడేదాకా పట్టుకుంది ఎఫీ. తోక బలంగా కొట్టింది. అప్పటికీ ఆమె వేళ్లు విడలేదు.

“ఇక వదలొచ్చేమో కదూ?” అన్నాడు లౌడన్ మెల్లగా.

వదిలింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలుపు తాళం వేసి ఉంది. గుమ్మం పక్క రాయి ఎత్తింది. కింద వానపాము తప్ప ఏమీ లేదు. ఇంటికున్నది ఒక్కటే తాళంచెవి. చలిగాలి కొడుతోంది, లోపల పొయ్యి ఆరిపోయుంటుంది.

వంతెన మీద జేబు తట్టిన చెయ్యి అప్పుడు గుర్తొచ్చింది.

“దొంగముండ,” అంది ఎఫీ. తడి బూట్లతో గుమ్మం మీద కాసేపు కూర్చుని, వంటింటి కిటికీ పగలగొట్టడానికి అదే రాయి తీసుకుని లేచింది.