దానయ్య ఈల

ఇరవై రెండేళ్ళుగా ఆ చుట్టుపక్కల ఎక్కడ బండలాగుడు పందెం జరిగినా ఈల దానయ్యదే. ఎడ్లు బండరాయిని అటూ ఇటూ లాగుతుంటే, చేతిలో వాచీ, మెడలో ఈలతో గట్టు మీద నిలబడేవాడు. టైము అయిందంటే ఈల. ఈల పడేసరికి బండ ఎంత దూరం వెళ్ళిందో అంతే లెక్క. సింగరాయకొండ నుంచి చీరాల దాకా దానయ్య ఈలకు ఎదురుచెప్పిన మొనగాడు లేడు.

ఒక్కడు తప్ప. ఆ ఒక్కడూ ప్రాణస్నేహితుడు సిలార్ కావడం దానయ్య ఖర్మ.

కార్తీక పున్నమి తిరనాళ్ళ పందెంలో అప్పటిదాకా సిలార్ గిత్తలదే పైచేయి. ఆఖరి జత వీరబాబుది. టైము అయిపోయేసరికి వీరబాబు బండ సిలార్ గుర్తుకి ఇవతలే ఉంది. ఈల వెయ్యాల్సింది అప్పుడే. ఆ ముహూర్తానికి దానయ్య నోట్లో ఏముందయ్యా అంటే, కిళ్ళీ. బుగ్గ పగిలేలా కుక్కిన జర్దా కిళ్ళీ. దాన్ని ఉమ్మేసి, మూతి తుడుచుకుని, ఈల అందుకునేలోపల బండ ఆ గుర్తుని జానెడు దాటేసింది. షీల్డు వీరబాబు ఎత్తుకుపోయాడు.

ఈల ఆలస్యమైందని సిలార్ అందరి ముందూ నిలదీశాడు. దానయ్య తన వాచీ తప్పు నడవదన్నాడు. వాచీ వరకు అది నిజమే మరి. ఆనాటి నుంచి నలభై రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. చొక్కా మీది ఎర్రమరక ఉతుకుతూ అసలు సంగతి కూపీ లాగిన భార్య కోటేశ్వరి, వెళ్ళి ఒప్పుకుని రమ్మని రోజూ పోరుతూనే ఉంది. ఒప్పుకుంటే ఇరవై రెండేళ్ళ పేరు బుగ్గిపాలు. ఒప్పుకోకపోతే సిలార్ లేడు. ఇద్దరి మిరపచేలకూ గట్టు ఒకటే. నీళ్ళు కట్టడానికి వెళ్ళినప్పుడల్లా అటు తిరిగి పనిచేసుకునే సిలార్ వీపే కనిపించేది. ఆ వీపు చూస్తే దానయ్యకి ఏడుపొచ్చేది.

అలాంటి సమయంలో వచ్చింది ఫుట్‌బాల్ ఫైనల్. ఆ ఊళ్ళో ఆ ఆట ఆడినవాడు లేడు, ఆడే దేశాల పేర్లు సరిగ్గా పలికేవాడూ లేడు. అయినా సుభానీ తన టీకొట్టులో కొత్త టీవీ పెట్టాక, ఊరికే వచ్చే వినోదాన్ని మనవాళ్ళు వదులుతారా? ఆదివారం పొద్దుగూకేసరికి బెంచీలు నిండిపోయాయి. ఎర్రచొక్కాలు ఒక జట్టు, తెల్లచొక్కాలు ఒక జట్టు. సిలార్ ఎర్రచొక్కాల పక్షమని తెలియగానే వీరబాబు తెల్లచొక్కాలకు జై కొట్టాడు. దానయ్య మాత్రం ఈల పట్టుకుని పరిగెడుతున్న నల్లచొక్కా మనిషినే చూస్తున్నాడు. అంతలా పరిగెత్తేవాడు పాపం కిళ్ళీ ఎప్పుడు వేసుకుంటాడో అని జాలిపడ్డాడు.

చెరో గోలూ కొట్టుకున్నారు. ఇక అయిపోవస్తోందనగా తెల్లచొక్కావాడొకడు గోలు ముందు దబ్బున పడ్డాడు. మోకాలు పట్టుకుని నాలుగు దొర్లులు దొర్లాడు. రిఫరీ ఈల వేసి పెనాల్టీ ఇచ్చేశాడు. కొట్టు రెండుగా చీలిపోయింది. వాణ్ణి ఎవడూ ముట్టుకోలేదని సిలార్ లేచి నిలబడ్డాడు. ముట్టుకోకపోతే ఎందుకు పడతాడని వీరబాబు. ఈల సంగతులు తెలిసినవాడు దానయ్యే కదా, అతణ్ణే తేల్చమన్నారు జనం.

“రిఫరీ మాటంటే మాటే. దానికి తిరుగులేదు,” అన్నాడు దానయ్య, సిలార్ వైపు చూడకుండా.

ఇంతలో రిఫరీ మైదానం పక్కనున్న చిన్న టీవీ దగ్గరికి పరిగెత్తాడు. జరిగింది మళ్ళీ చూసుకుని, తప్పయితే దిద్దుకోవచ్చట. ఈలవేసేవాడికి అలాంటి వెసులుబాటు ఉంటుందని దానయ్యకి అప్పుడే తెలిసింది. అదే బొమ్మను కొట్టులో టీవీ మీద కూడా నిదానంగా వేశారు. ఎర్రచొక్కావాడి కాలికీ తెల్లచొక్కావాడి కాలికీ మధ్య ఎడ్లబండి తోలుకుపోవచ్చు. వీరబాబు కూడా నోరు మూసుకున్నాడు. దిద్దుతాడు, ఇప్పుడు దిద్దుతాడు అనుకుంటూ దానయ్య బెంచీ అంచుకు జరిగాడు. ఆ మనిషి దిద్దుకుంటే తన గుండెల మీది బరువే దిగుతుందనిపించింది.

రిఫరీ తిరిగొచ్చి, పెనాల్టీయే అన్నాడు. తెల్లచొక్కాలు గోలు కొట్టారు, కప్పూ కొట్టేశారు.

దానయ్యకి ఒళ్ళు మండిపోయింది. లేచి టీవీ మీదికి వేలెత్తాడు.

“కళ్ళారా చూసి కూడా దిద్దుకోడేంట్రా వీడు? నాకంటే నోట్లో కిళ్ళీ ఉంది కాబట్టి ఈల లేటయింది. వీడికేమడ్డమొచ్చింది?”

సుభానీ టీవీ సౌండు తగ్గించాడు. తనేమన్నాడో దానయ్యకి అప్పుడు తెలిసొచ్చింది. వీరబాబు తేరుకుని, రిఫరీ మాటకు తిరుగులేదని ఇందాక నువ్వే అన్నావు కదా మామా అని నసిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

సిలార్ బెంచీలు దాటుకుంటూ వచ్చాడు. కొడతాడనుకున్నారంతా. దానయ్య కూడా అదే అనుకుని, కొట్టనీ అని కదలకుండా నిలబడ్డాడు. సిలార్ అతని గడ్డం పట్టుకుని, సంతలో ఎద్దుకి పళ్ళు చూసినట్టు నోరు తెరిపించాడు. ఈ బుగ్గ చూశాడు, ఆ బుగ్గ చూశాడు. నాలుక కూడా ఎత్తమన్నాడు.

“నోట్లో ఏం లేదు,” అని జనానికి చెప్పాడు. తర్వాత, నలభై రోజుల్లో మొదటిసారిగా, దానయ్యతో మాట్లాడాడు. “ఇప్పుడు చెప్పరా. ఎవరి గిత్తలు ఫస్టు?”

“నీయేరా,” అన్నాడు దానయ్య. గడ్డం పరాయి చేతిలో ఉండటాన మాట నత్తినత్తిగా వచ్చింది.

సిలార్ మళ్ళీ చెప్పమన్నాడు. మూడుసార్లు చెప్పించుకున్నాకే గడ్డం వదిలాడు.