నడిచొచ్చిన చెరువు

రోజూ పొద్దున్నే పడవలక్క చేసే మొదటి పని పడవల్లో చేరిన నీళ్ళు తోడిపొయ్యడం. రంగులు ఎంత కొత్తగా వేసినా పాత పడవ పాత పడవే, తెల్లారేసరికి అడుగున ఇంత నీరు ఊరేది. సొట్టలు పడ్డ డబ్బా ఒకటి పట్టుకుని, పడవలో గొంతుక్కూచుని, తోడిన నీళ్ళు చెరువులో పోస్తూ ఆవిడ చెరువుతో కబుర్లు చెప్పేది. అది వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. నీళ్ళు తోడేటప్పుడు నోరు మూసుకుని కూచోకూడదు, మనిషి మాట వినపడకపోతే చెరువుకి తోచదు అనేవాడాయన. కూతురికి ఆ విషయంలో ఒకరు చెప్పక్కర్లేదు. నిద్ర లేచింది మొదలు వసపిట్టలా వాగడం ఆవిడకి పుట్టుకతో వచ్చిన విద్య.

ఊళ్ళో అందరికీ ఆవిడ అక్కే. బడికెళ్ళే పిల్లల దగ్గర్నుంచి పళ్ళూడిన తాతల దాకా "అక్కా, ఒక పడవ విప్పు" అనేవాళ్ళే. ఒక ఇరుకు సందులో కొట్టు పెట్టుకుని ఒంటరిగా ఉండే పరుపులాయన మాత్రం ఏనాడూ ఆవిడని అక్క అనలేదు. ఏటా వేసవి సెలవులకి ముందు ఆయన వచ్చి, పడవల్లో వేసే దిండ్లు పట్టుకెళ్ళి, విప్పి, పత్తి ఏకి, మళ్ళీ కుట్టి తెచ్చేవాడు. గట్టు మీద ఆమడ దూరంలో నిలబడి "ఏమండీ, మీ దిండ్లు" అనేవాడు.

"ఒక్కసారి పడవెక్కి చూడండి, మీరు కుట్టిన దిండే కదా" అని అక్క పిలిచేది.

"అమ్మో, చెమ్మ తగిలితే ఇంకేమన్నా ఉందాండీ! నా ఒంటి నిండా పత్తే" అని, చెవులు ఎర్రగా చేసుకుని నవ్వి, వచ్చిన దారినే వెళ్ళిపోయేవాడు. ఆ "ఏమండీ" కోసం అక్క ఏడాది పొడుగునా ఎదురుచూసేది. ఆ సంగతి ఆవిడకీ చెరువుకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఇదిలా ఉండగా పడవలకి గిరాకీ పడిపోయింది. ఒకప్పుడు బస్సు సరిగ్గా గట్టు ముందే ఆగేది, ఆదివారం వచ్చిందంటే ఇసకేస్తే రాలనంత జనం. కొత్త రోడ్డు పడ్డాక బస్సు అటు తిరిగింది. బస్టాపు నుంచి చెరువు దాకా చెట్టన్నది లేని దారి. మండుటెండలో పిల్లల్ని చంకనేసుకుని అంత దూరం ఎవడు నడుస్తాడు? పైగా బస్టాపు పక్కనే పెద్ద బజారొకటి కట్టారు. లోపల చల్లగా ఉంటుంది, ఐస్‌క్రీమ్ తింటూ ఎంతసేపైనా తిరగొచ్చు. అక్క చెయ్యని ప్రయత్నం లేదు. పడవలకి గొడుగులు కట్టింది, నాచంతా ఏరించింది, బాతు మూతి ఉన్న తొక్కుడు పడవ ఒకటి తెప్పించింది. అయినా రోజంతా గట్టు మీద ఈగలు తోలుకోవడమే అయింది.

పక్క ఊళ్ళో కుర్చీల దుకాణం నడిపే తమ్ముడికి ఈ కబురు అందింది. పరుగున వచ్చాడు. అక్కంటే ప్రాణం వాడికి.

"ఎందుకే అక్కా ఈ తంటా? పడవలమ్మేసి మా ఇంటికొచ్చెయ్. నీకో గది ఖాళీ చేయించాను. జనమే రాని చోట నువ్వేం చేస్తావు?" అన్నాడు.

"వస్తార్రా. ఈ సెలవులు గడవనీ."

"సరే. సెలవుల్లో ఆఖరి శనివారం వస్తా. అప్పటికీ ఇంతే అయితే నాతో బయల్దేరాల్సిందే, మాటివ్వు."

అక్క మాటిచ్చింది. మర్నాడు పొద్దున నీళ్ళు తోడుతూ చెరువుతో మొరపెట్టుకుంది. "వాడి మాట విన్నావుగా? నాకీ ఊరు వదిలి పోవాలని లేదు. జనం మన దాకా రారు, మనం జనం దాకా పోలేం. ఏం చెయ్యనే తల్లీ?"

ఆ మర్నాడు చూస్తే చెరువు బస్టాపు వైపు కాస్త జరిగి ఉంది.

ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గట్టు మీద బల్లల మీద కూచున్న తాతలు కాళ్ళు పైకి పెట్టుకున్నారు, అంతే. రోజూ కొంచెం కొంచెంగా చెరువు ముందుకొచ్చింది. మర్యాద తెలిసిన చెరువది. పూలకుండీలుంటే చుట్టూ తిరిగి వెళ్ళింది, ఆరేసిన బట్టలుంటే వంగి వెళ్ళింది, ఒక్క గడప తడపలేదు. వదిలేసి వచ్చిన చోట పిల్లలు బంతాట మొదలెట్టారు. చేపలు బుద్ధిగా చెరువుతోపాటే వచ్చాయి. అక్కకి మాత్రం చచ్చే చావయింది. పడవలెక్కే చెక్కవంతెన విప్పి, ఈడ్చి, రోజూ కొత్త చోట బిగించుకోవాల్సి వచ్చింది. "ఒక్క రోజు ఆగవే బాబూ, నడుము పడిపోతోంది" అని తిడుతూనే లోపల్లోపల మురిసిపోయేది.

చెరువు బస్టాపు దాకా వచ్చేసరికి చూడాలి సంబరం! బస్సు దిగిన కాలు తిన్నగా పడవలో పడింది. బజారులోంచి జనం సంచులతో సహా వచ్చి వరస కట్టారు. పోస్టుమాస్టారు భార్యని ఎక్కించుకుని తెడ్డు తలకిందులుగా పట్టుకున్నాడు. పెళ్ళయి చాలా ఏళ్ళయినా ఆవిడ అంతలా నవ్వడం ఎవరూ చూళ్ళేదు. ఒకాయన బాతు పడవ దిగనని మొండికేస్తే మనవరాలు నచ్చజెప్పి దింపింది. పడవలక్కకి ఒక్క క్షణం తీరికలేదు, గొంతు బొంగురుపోయింది, మనసు గాల్లో తేలింది.

అన్న మాట ప్రకారం ఆఖరి శనివారం తమ్ముడొచ్చాడు. జనాన్ని చూసి నోరు తెరిచాడు. బాతు పడవ ఎక్కి రెండుసార్లు తిరిగొచ్చాడు కూడా. దిగాక మాత్రం అక్క పక్కన కూచుని మెల్లగా అన్నాడు. "జనం వచ్చారక్కా, కాదనను. కానీ వీళ్ళంతా సాయంత్రానికి ఎవరింటికి వాళ్ళు పోతారు. నువ్వెళ్ళి తలుపేసుకున్నాక నీకెవరున్నారు? జ్వరమొస్తే ఇన్ని మంచినీళ్ళిచ్చేదెవరు? ఎవరో ఒకరున్నారని చెప్పు, నేను నోరెత్తితే ఒట్టు."

అంత వాగుడుకాయైనా అక్క ఏమని చెబుతుంది? ఏడాదికోసారి వచ్చి ఏమండీ అనే మనిషి ఉన్నాడని చెబుతుందా?

"అయితే రేపు సాయంత్రం బస్సుకి బయల్దేరదాం" అన్నాడు తమ్ముడు.

ఆదివారం పొద్దున నీళ్ళు తోడుతుంటే అక్కకి కన్నీళ్ళు ఆగలేదు. "ఇంత దూరం వచ్చావు, ఏం లాభం? పరుపులాయన ఆ సందులో ఉండగా నేనీ ఊరు ఎలా వదిలేది? ఆయనకేమో ఇక్కడికి రావడానికి పత్తి అడ్డం, నాకేమో అక్కడికెళ్ళడానికి సిగ్గు అడ్డం. నాకాయనంటే ఇష్టమే. ఎవరితో చెప్పుకోను?" అని ఆఖరి డబ్బాడు నీళ్ళు చెరువులో పోసింది.

చెరువు కదిలింది. ఈసారి కొంచెం కొంచెంగా కాదు. బస్టాపు వదిలి, బజారు వదిలి, ఎడమ చేతి వైపు తిరిగింది.

"అక్కా, అటేమీ లేదు కదే, గిరాకీ అంతా ఇక్కడుంటే!" అంటూ తమ్ముడు ఒక్క గెంతులో పడవలోకి దూకాడు. చెక్కవంతెన విప్పే వ్యవధి కూడా లేదు. ఇద్దరూ తెడ్లు అందుకున్నారు. చెరువు ఒళ్ళు దగ్గరికి తీసుకుని ఇరుకు సందులోకి దూరింది. అరుగుల మీద కూరలు తరిగేవాళ్ళు "అక్కా, ఇటొచ్చావేం?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా చెప్పులు పైన పెట్టుకున్నారు. అప్పటికి అక్కకి సంగతి బోధపడింది. ఆవిడ ముఖం కందగడ్డయింది.

పరుపులాయన కొట్టు సందు చివర. లోపల నేలంతా ఏకిన పత్తి పోగులు, గోడకి జానెడు పొడవు సూదులు, సగం కుట్టిన పరుపొకటి. నీళ్ళు చూడగానే ఆయన చేతికందినంత పత్తి వాటేసుకుని గడపలో నిలబడ్డాడు. చెరువు కింది మెట్టు దగ్గరికొచ్చి ఆగింది. ఒక్క చుక్క పైకి ఎగరలేదు.

"ఏమండీ, మీ చెరువు దారి తప్పినట్టుంది" అన్నాడాయన.

"తప్పలేదండీ. నేను చెప్పిన చోటికే వచ్చింది" అంది అక్క. "దీని నోట్లో నువ్వుగింజ నానదని నాకేం తెలుసు!"

"ఏం చెప్పారేమిటి?"

తమ్ముడు తెడ్డు వదిలేసి అటొకసారి, ఇటొకసారి చూస్తున్నాడు. సందులో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఇక దాచడానికేం మిగిలింది? అక్క తల ఎత్తింది. "మీరంటే నాకిష్టమని చెప్పాను. ఏడాదికోసారి మీరు దిండ్లు తెచ్చే రోజు కోసమే మిగతా రోజులన్నీ గడుపుతున్నానని చెప్పాను. చాలా?"

పరుపులాయన చేతుల్లోంచి పత్తి జారి మెట్ల మీద పడింది. ఆయన చూసుకోలేదు. చెవులతోపాటు మెడ కూడా ఎర్రబడింది.

"మరి నేనూ ఒకటి చెప్పాలండీ. ఆ దిండ్లు నిజానికి ఏటా విప్పక్కర్లేదు. ఒకసారి గట్టిగా కుడితే పదేళ్ళు చెక్కుచెదరవు. మిమ్మల్ని చూడాలని, నేనే కాస్త వదులుగా కుడుతున్నాను."

పక్కింటి డాబా మీద ఎవరో ఫక్కున నవ్వారు. అక్కకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి వచ్చాయి.

"ఆగాగు. అక్కా, ఎవరీయన?" అన్నాడు తమ్ముడు.

"ఎవరో ఒకరున్నారని చెప్పమన్నావుగా" అంది అక్క, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "చూస్తూ కూచుంటావేం? మీ బావగారికి చెయ్యందించు."

పరుపులాయన నీళ్ళ వంక చూశాడు, అక్క వంక చూశాడు, కళ్ళు గట్టిగా మూసుకుని ఒక కాలు ముందుకు చాపాడు. తమ్ముడు పడవ అంచు మోకాలితో అదిమిపట్టి లేచి నిలబడ్డాడు.

"అంచు మీద కాదు బావగారూ, నడిమధ్యలో అడుగెయ్యండి. నేను పట్టుకున్నాగా" అన్నాడు.